మూడో గేరు పడని బండి

కరుణ గారిని కుర్చీలో కూర్చుని ఉండగా చూసినవాళ్ళెవరికీ ఆవిడ ఎడమకాలి సంగతి తెలియదు. లేవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ కాలిని మోకాలి దగ్గర రెండు చేతులతో పట్టుకుని, వేరే ఎవరిదో వస్తువుని జాగ్రత్తగా పక్కకి పెట్టినట్టు పెట్టేవారు. పసితనంలో వచ్చిన పోలియో. రాజోలులో మా కాలువల సెక్షను ఆఫీసులో ఆవిడ గుమాస్తాగా చేరినప్పుడు నేను వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. ఇద్దరం అక్కడే జుట్టు నెరిపించుకుని, కొంచెం ముందూ వెనకా రిటైరయ్యాం.

ఆవిడ తండ్రి ఒక కొబ్బరితోటలో పాలేరు. కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని మిషన్ బడికి తీసుకెళ్ళేవాడట. పిల్ల బరువెక్కాక సైకిలు మీద. ఆయన పోయాక ఆవిడని మోసేవాళ్ళు మారుతూ వచ్చారు. హాస్టల్లో తోటి ఆడపిల్లలు, ఉద్యోగంలో చేరాక రిక్షావాళ్ళు, ఆ తరవాత ఆటోవాళ్ళు.

"పుట్టిన్నించీ ఎవరి తీరికో చూసుకుని కదిలేనండి సోమేశ్వరరావు గారూ," అన్నారు ఒకసారి, ఫైలు కట్టకి తాడు బిగిస్తూ. "ఆకలేసినప్పుడు తినొచ్చు, నిద్రొచ్చినప్పుడు పడుకోవచ్చు. వెళ్ళాలనిపించినప్పుడు వెళ్ళడం మాత్రం నాకు తెలీదు."

ఉద్యోగం ఇంకొంచెం మిగిలి ఉందనగా, కాకినాడలో ఒక డాక్టరుగారు అమ్మేస్తున్న పాత కారు ఆవిడ కంటపడింది. ఆటోమేటిక్. క్లచ్ ఉండదు కనక ఎడమకాలితో పని లేదు. వేగాన్నిబట్టి గేర్లు అదే మార్చుకుంటుంది. కుడికాలొకటీ, చేతులు రెండూ ఉంటే చాలు. కొన్నది తన డబ్బుతోనే అయినా, బండి కాగితాలు అన్నగారు దేవదానం గారి పేరు మీద రాయించారు. అప్పటికి ఆవిడకి లైసెన్సు లేదు, రవాణా ఆఫీసు మెట్లెక్కే ఓపికా లేదు. ఆలోచించుకోమన్నాను.

"ఎవరి పేరైతేనేమండి, నడిపేది నేను కదా," అన్నారు.

నేర్చుకున్నది ఎండాకాలంలో, కాలువలు కట్టేసినప్పుడు, గట్టు మీద. పడినా ఎండిన కాలువలోనే పడతామని ఆవిడ ధైర్యం. లైసెన్సు వచ్చాక ఒకరోజు నాకు ఫోన్ చేశారు.

"అమలాపురం వెళ్ళొచ్చేనండి."

"ఏం పని మీదండీ?"

"పనేం లేదండి. వెళ్ళొచ్చేను."

ఆ గొంతు నేను ఆఫీసులో అన్నేళ్ళూ వినలేదు.

ఆ తరవాత బండి ఆవిడ ఒక్కరిదీ కాకుండా పోయింది. అన్నాచెల్లెళ్ళది ఒకే దొడ్డి. ముందు వైపు డాబాలో దేవదానం గారు, వెనకవైపు రెండు గదుల్లో ఈవిడ. దేవదానం గారు హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి, చర్చి సంఘంలో పెద్ద, నలుగురూ మాట వినే మనిషి. ఆయన భార్య రూతమ్మగారికి బీపీ చూపించడానికి అమలాపురం వెళ్ళాలన్నా, చుట్టాల పెళ్ళికి రావులపాలెం వెళ్ళాలన్నా, పేటలో ఎవరికైనా నొప్పులొచ్చినా కరుణ గారే కావాలి. నీళ్ళాడబోయే పిల్లని వెనకసీట్లో పడుకోబెట్టుకుని వానలో ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజులున్నాయి. అప్పట్లో ఆవిడ కాలి గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

కిందటేడు జూన్‌లో, కాలువలు వదిలిన రోజుల్లో, ఆవిడ కంటికి శుక్లం తీయించుకున్నారు. కొన్నాళ్ళు బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. తాళంచెవి అన్నగారి హాల్లో మేకుకి చేరింది. నల్ల అద్దాలు తీసేసి మళ్ళీ స్టీరింగు పట్టుకునేసరికి అది మునుపటి బండి కాదు.

మొదటి గేరూ రెండో గేరూ మామూలుగానే పడుతున్నాయి. మూడోది పడాల్సిన చోట ఇంజను ఒక్కసారిగా గోలపెడుతుంది గాని బండి ముందుకి లాగదు. క్షణం సేపు తాడు తెగినట్టుండి, ఆపైన వెనకనుంచి ఎవరో తన్నినట్టు గేరు పడుతుంది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సంగతి అది. తాటిపాక దాటి వేడెక్కాక ఆ తన్నూ ఉండదు, గోలే మిగులుతుంది. సైకిళ్ళు దాటిపోతుంటాయి.

మొదటి ఆదివారమే, ప్రార్థనయ్యాక గుడి నుంచి వస్తుంటే, నిండా జనంతో ఉన్న బండి నడిరోడ్డు మీద అలా గింజుకుంది. వెనక కూర్చున్న రూతమ్మగారు దిగాక అన్న మాట వీధంతా తిరిగింది.

"ఒంటికాలితో తొక్కితే బండి కూడా ఒంటిగేరు మీదే నడుస్తాదమ్మా. ఇన్నాళ్ళు నడవడమే దేవుడి దయ."

ఆ మాట పట్టుకుని జనం మిగతాది కట్టారు. కన్ను కోయించుకున్న మనిషి. వయసు. ఆ కాలు. బడ్డీకొట్ల దగ్గర గేరుబాక్సుల గురించి ఎవరికీ ఏమీ తెలియదు గాని, కరుణ గారి కాలు గురించి అందరికీ తెలుసు. అందుకని తెలిసినదాంతోనే సరిపెట్టుకున్నారు.

దేవదానం గారు నన్ను పిలిపించారు. అరుగు మీద కుర్చీలు వేయించి, చెల్లెలి ముందే అన్నారు.

"కరుణా, ఇది నీ నడపడం వల్ల పోయిందో, బండిలోనే రోగముందో ముందు తేల్చు. నీ తప్పు లేదని తేలిందా, నేనే దగ్గరుండి బాగుచేయిస్తాను. నీ వల్లే అయితే మాత్రం ఇంక స్టీరింగు ముట్టుకోకు. రేపెవరినన్నా గుద్దితే సంఘంలో నేను తలెత్తుకోలేను. సోమేశ్వరరావు గారూ, మీరు సాక్ష్యమండి."

"ఆయ్," అన్నాను.

"తేలుస్తాను అన్నయ్యా," అన్నారు కరుణ గారు. ఆవిడకి ఆ షరతు న్యాయంగానే తోచింది. కారణం తెలిస్తే చాలు, బండి మళ్ళీ తన చేతికొస్తుంది. తెలియకపోతే ఆటోవాడి తీరికే గతి. నాకైతే ఆ కుర్చీలు, ఆ సాక్ష్యం, ఆ పెద్దమనిషి గొంతూ నచ్చలేదు. అయినా నచ్చనిదాన్ని పైకి అనే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

ముందు రాజోలులోనే శివ దగ్గరికి వెళ్ళాం. శివ మంచి మెకానిక్కే గాని అతని చేతిలో పడ్డవన్నీ క్లచ్ ఉన్న బళ్ళే.

"ఆటోమేటిక్ నాకు కొత్తండి అమ్మా. తెలిసినంత మట్టుకి చూస్తాను," అని బానెట్ ఎత్తాడు. ఇంజను లాగడం లేదేమోనని ప్లగ్గులు తీసి చూశాడు, గాలి ఫిల్టరు దులిపాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. ఇంజను రాయిలా ఉందన్నాడు. గేరుబాక్సు ఆయిలు పుల్ల పైకి లాగి, పాతగుడ్డకి తుడిచి, మళ్ళీ దించి తీశాడు.

"ఆయిలు తక్కువైతే గేరు జారుతాదండి. మీకు గీత దాటి ఎక్కువే ఉంది. ఢోకా లేదు."

"మరి ఎందుకు జారుతోంది శివా?"

అతను కాసేపు నసిగాడు. "ఒకటడుగుతాను, ఏమనుకోకండి. తెలీకుండా ఎడంకాలు బ్రేకు మీద ఆనిస్తారేమో. బ్రేకు పట్టి ఉంటే లోపల ప్లేట్లు అరిగిపోతాయని విన్నానండి."

కరుణ గారు నవ్వారు. "నా ఎడంకాలు బ్రేకు మీదికి వెళ్ళాలంటే నేను రెండు చేతులతో ఎత్తి పెట్టాలి నాయనా. అప్పుడు స్టీరింగు ఎవరు పడతారు, నువ్వా?"

శివ కూడా నవ్వాడు. కాని వారం తిరక్కుండా ఆ ప్రశ్న తీర్పై ఊళ్ళో తిరిగింది. ఎడంకాలు బ్రేకు మీద ఆనించడం వల్లేనని మెకానిక్కే చెప్పాడట. శివని అడిగితే, అలా అననేలేదని ప్రమాణం చేశాడు. అతని మీద నాకు కోపం లేదు. అనని మాట కూడా వినడానికి సిద్ధంగా ఉన్న ఊళ్ళో ఎవరేం మాట్లాడినా అంతే.

కొత్తపేట దాటాక రోడ్డు పక్కన మంగరాజు షెడ్డు ఉంది. మస్కట్‌లో చాలాకాలం ఈ రకం గేరుబాక్సులు విప్పి వచ్చినవాడు. గొప్పలు కొంచెం ఎక్కువ. మేం వెళ్ళిన పూట, ఎండలో, దారిపొడుగునా గోలపెడుతూ వెళ్ళాం. గన్నవరం అక్విడక్ట్ వంతెన మీద వెనక బస్సువాడు హారను కొట్టి కొట్టి, చివరికి పక్కనుంచి పోతూ కిటికీలోంచి ఏదో తిట్టి పోయాడు. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

మంగరాజు ముందు గేర్ల కడ్డీని దాని పక్కన రాసి ఉన్న ఒక్కొక్క అక్షరం దగ్గరా పెట్టి చూశాడు. లోపలి తీగ సాగిపోయి తప్పు చోట ఆగుతోందేమోనని అనుమానం. అది సరిగ్గానే ఉంది. "మీరు నడపండి మేడం గారండి, నేను పక్కన కూర్చుని చూస్తాను," అన్నాడు. నేను వెనక ఎక్కాను.

అతని చూపు రోడ్డు మీద లేదు. ఆవిడ పాదాల మీద ఉంది. ఆవిడకి అది తెలిసింది. ఎడమచేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి సర్దుకున్నారు.

"బాగా చూడండి బాబూ. అది అక్కడే ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళదు."

మంగరాజు తల తిప్పుకున్నాడు. తరవాత తనే నడిపాడు. మెల్లగా తొక్కాడు, గట్టిగా తొక్కాడు, రెండో గేరులో కట్టేసి వదిలాడు. ఎలా నడిపినా మూడో గేరు దగ్గర అదే గోల, అదే తన్ను. షెడ్డుకి వచ్చి బండి ఆపి, "నేను నడిపినా ఇంతేనండి," అన్నాడు.

కరుణ గారు చాలాసేపటికి ఊపిరి వదిలారు. "ఆ మాట మా అన్నయ్యతో చెప్తారా?"

"రోగం దొరకనివ్వండి మేడం, అంతా కలిపి చెప్దాం. ఇది కరెంటు వాల్వు. మస్కట్‌లో వందలు చేసేను."

మూడో గేరుకి ఆయిలు దారి తెరిచే చిన్న వాల్వు ఒకటుంటుందట. అది ఇరుక్కుంటే ఇలాగే జారుతుందట. దాన్ని ఊడదీసి, కడిగి, బ్యాటరీ పెట్టి టక్‌టక్‌మని ఆడించి చూపించి, మళ్ళీ బిగించాడు. మేం రాజోలు చేరకుండానే మళ్ళీ మొదలైంది. ఇంకోసారి వెళ్ళాం. వైరింగు అన్నాడు. వైర్లన్నీ మీటరు పెట్టి చూశాడు. అవి బాగానే ఉన్నాయి. అప్పుడు ఆ డాక్టరుగారు బండిని పాడుచేసి అమ్మాడన్నాడు. ఇన్నేళ్ళు బాగా నడిచింది కదా అంటే మళ్ళీ పానా అందుకున్నాడు. గొప్పలు తగ్గాయి. అప్పటికిగాని అతను మొదట చూడాల్సింది చూడలేదు.

ఇంజను తిరుగుతూ ఉండగానే ఆయిలు పుల్ల లాగి, కొత్త తెల్లకాగితం మీద చుక్కలు వేసి, ఎండలోకి పట్టుకెళ్ళాడు.

"ఇలా రండి మేడం. ఈ ఆయిలు దానిమ్మరసంలా ఉండాలి. మీదేంటండీ, రాజమండ్రి రోజ్ మిల్కులా ఉంది."

నిజంగానే గులాబీరంగు పాలు. మీద సన్నటి నురగ.

"ఎప్పుడన్నా ఆయిలు పోయించేరా?"

"లేదు."

"మరి గీత దాటి ఎలా ఉంది? ఆయిలు తగ్గిన బళ్ళు చూసేను గాని, నుయ్యిలాగ ఊరిన బండి ఇదే చూడ్డం." తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "నీళ్ళండి. గేరుబాక్సులోకి నీళ్ళెళ్ళేయి."

శివకి ధైర్యం ఇచ్చిన ఆ ఎక్కువే అసలు రోగం. నీళ్ళు ఎలా వెళ్ళాయన్నది ఇంకా తేలాలి. ఇలాంటి బళ్ళలో గేరుబాక్సు ఆయిలు చల్లబడ్డానికి రేడియేటరు అడుగునుంచి ఒక గొట్టం వెళుతుంది. అక్కడ లోపల చిల్లిపడితే రేడియేటరు నీళ్ళు ఆయిల్లో కలుస్తాయట. మంగరాజు మూత తీసి చూశాడు. రేడియేటరు నీళ్ళు ఆకుపచ్చగా, మూతి దాకా నిండుగా ఉన్నాయి. ఆయిలు జిడ్డు చుక్కయినా లేదు. పంపు పెట్టి గాలి కొట్టి వదిలాడు. పంపు మీటరు ముల్లు కదలలేదు. దారి అది కాదు.

అప్పుడు కింద పళ్ళెం విప్పాడు. గులాబీ నురగంతా తొట్టిలోకి కారిపోయాక, పళ్ళెం అడుగున అంటుకున్న ముద్దని వేలితో తీశాడు. నల్లటి పొట్టులాంటిది కొంత. "ఇది ప్లేట్ల మీద పొరండి. ఒకరకం అట్టలాంటిది, జిగురుతో అంటిస్తారు. నీళ్ళు తగిలితే ఊడి వచ్చేస్తాది. పట్టు పోయింది, అందుకే జారుతోంది." ఆ పొట్టు కింద ఇంకేదో మెత్తగా, బూడిదరంగులో ఉంది. దాన్ని చూసి మొహం చిట్లించాడు. "ఇదేంటో మరి."

కరుణ గారు చెయ్యి చాపారు. రెండు వేళ్ళ మధ్య పెట్టి రాశారు. ఉద్యోగం పొడుగునా కాలువల పూడికతీత కాగితాల మధ్య బతికిన మనిషి. కాగితాలు తెచ్చేవాళ్ళ కాళ్ళకీ, ఆ కాగితాల అంచులకీ ఉండేదదే.

"ఒండ్రు," అన్నారు. "కాలవలో ఒండ్రు."

మంగరాజు వెంటనే బండి కింద దూరాడు. గేరుబాక్సుకి ఊపిరాడటానికి పైన చిన్న రబ్బరు గొట్టం ఉంటుందట. ఈ బండికి అది ముదిరి, పట్టు ఊడి, కిందికి వేలాడుతోంది.

"దూరం నుంచి వచ్చిన బండిని అలా కుతకుతలాడుతుండగానే చన్నీళ్ళలో దింపేరనుకోండి, లోపల గాలి ముడుచుకుపోయి, ఈ గొట్టంతో నీళ్ళు జుర్రేస్తాది. కాలవలో దింపేరా మేడం?"

"నేను దింపలేదు," అన్నారు ఆవిడ. ఎవరు దింపి ఉంటారో మా ఇద్దరికీ తెలుసు. మా వైపు బండి కడగడమంటే రేవులోకి దింపడమే. ఎడ్లబళ్ళ నాటి అలవాటు. ట్రాక్టర్లూ, వ్యాన్లూ, జీపులూ అన్నీ గేదెల పక్కనే నీళ్ళలో నిలబడి ఒళ్ళు తోమించుకుంటాయి. వాటికేమీ కాలేదు కనక దీనికీ ఏమీ కాదని అనుకుంటారు.

మంగరాజు పాత ఆయిలంతా తోడి, కొత్తది రెండుసార్లు పోసి తిప్పి, గొట్టం మార్చాడు. "ఇప్పటికి నడుస్తాదండి. ప్లేట్లు మార్చకపోతే ఎక్కువకాలం ఆగదు. సామాను మద్రాసు నుంచి తెప్పించి నేను చేస్తాను, మీరు ఊ అనండి." పాత ఆయిలు కొంచెం ఒక నీళ్ళసీసాలో పోసి ఇచ్చాడు. వచ్చేటప్పుడు మూడో గేరు మెత్తగా పడింది. ఆ సీసా ఆవిడ ఒళ్ళో ఉంది. దారిలో ఒకచోట ఆవిడే అన్నారు, "తేలింది కదండీ సోమేశ్వరరావు గారూ." నేను ఆయ్ అన్నాను.

దేవదానం గారు అరుగు మీదే ఉన్నారు. పక్కన ఆయన కొడుకు దీపక్. పెళ్ళికెదిగిన కుర్రాడు, సెల్లు చూసుకుంటున్నాడు. ఆవిడ సీసా అరుగు మీద పెట్టి, మంగరాజు చెప్పిందంతా చెప్పారు. గొంతు పెంచలేదు. చివర్న, "నేను కన్ను కట్టుకుని ఉన్నప్పుడు బండి కాలవలో దింపేరా అన్నయ్యా?" అని అడిగారు.

దేవదానం గారు సీసా వంక చూశారు. దీపక్ సెల్లు వంకే చూస్తూ, "నాన్నగారే దింపమన్నారత్తా," అన్నాడు.

ఆ జూన్‌లోనే సంఘ వార్షికోత్సవానికి వాక్యం చెప్పే అయ్యగారిని దీపక్ రాజమండ్రి స్టేషను నుంచి ఆ బండిలోనే తీసుకొచ్చాడు. దారంతా వానబురద. సాయంత్రం ఆయన్ని ఊరేగింపుగా గుడికి తీసుకెళ్ళేది అందులోనే. అంచేత అయ్యగారు ఇంట్లో దిగగానే, ఆగకుండా రేవుకి పట్టుకెళ్ళి, ముందు చక్రాలు మునిగేదాకా దింపి, తళతళలాడేలా కడిగించారు.

"అవును, నేనే దింపించేను," అన్నారు దేవదానం గారు. "దైవసేవకుణ్ణి బురదబండిలో కూర్చోబెడతామా? నాకేం తెలుసు దానికి ముక్కూ నోరూ ఉంటాయని."

"తెలీకే చేసేరు అన్నయ్యా. నేననడం లేదు. నా వల్ల కాదని తేలింది, అంతే. అంటే ఇంక ప్లేట్లు వేయించొచ్చు కదా."

"సరే. చేయిద్దాం."

రూతమ్మగారు గుమ్మంలోంచి అన్నారు, "దేవుడి పని మీద పోయింది. దానికి ఇంత లెక్కలు తీయాలా?"

నేను సాక్షిని కదా, ఏమన్నా అనాలేమోనని దేవదానం గారి వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. మర్నాడు రూతమ్మగారు ఆ సీసాని కంచె మొదట్లో ఒంపేశారు. పిల్లలు రోజ్ మిల్కనుకుని తాగేస్తారని.

ప్లేట్ల మాట ఆ తరవాత వాయిదాల్లో పడింది. దగ్గరుండి చేయిస్తానన్నది అన్నగారే కనక కరుణ గారు ఆగారు. సంఘం లెక్కలు చూడాలి. వరికోతలు కానీ. క్రిస్మస్ వెళ్ళనీ. మంగరాజు ఫోను చేస్తే, "చెప్తామండి" అనేవారు దేవదానం గారు. ఈ లోపల కరుణ గారు బండిని చంటిపిల్లలా నడిపేవారు. దూరం వెళ్ళేవారు కాదు. రెండో గేరులోంచి మూడోదానికి వెళ్ళేముందు పాదం తేలిక చేసేవారు. అది పడిందాకా ఊపిరి బిగబట్టడం పక్కనున్నవాళ్ళకి తెలిసేది. ఊళ్ళో ఎవరికైనా కారణం తెలిసిందా అంటే, తెలిసింది. శివకి నేనే చెప్పాను. బడ్డీకొట్టు దగ్గర కూడా చెప్పాను. "అలాగాండి," అన్నారు. ఆ వెంటనే, "అయినా ఆ కాలితో కష్టమేలెండి," అన్నారు.

మొన్న క్రిస్మస్ వెళ్ళాక ఒక పొద్దున్న ఆవిడ నుంచి ఫోన్. "ఒకసారి వస్తారాండీ," అన్నారంతే. నేను వెళ్ళేసరికి దొడ్డి ముందు ఇంకో కారు ఆగి ఉంది. తెల్లది, ఆవిడ బండికంటే కొత్తది. రావులపాలెంలో పాతకార్ల బేరాలు చేసే సురేంద్ర, కరుణ గారి బండి చుట్టూ తిరుగుతూ గోళ్ళతో తలుపులు తట్టి చూస్తున్నాడు. దేవదానం గారు కాగితాల కవరు పట్టుకుని నిలబడ్డారు. కరుణ గారు తన గదుల మెట్టు మీద, గోడకి చెయ్యి ఆనించుకుని ఉన్నారు.

"ఇది ఇచ్చేసి అది తీసుకుంటున్నామండి," అన్నారు దేవదానం గారు నాతో. "క్లచ్ ఉన్న గేరుబండి. నలుగురూ నడపగలిగేది. దీపక్ ఉన్నాడు, వాడి స్నేహితులున్నారు. కరుణ ఎక్కడికంటే అక్కడికి వాడే తీసుకెళ్తాడు. చెల్లెలు చిన్నబుచ్చుకోవాల్సిందేం లేదు."

నలుగురూ నడపగలిగేది. ఆ నలుగురిలో లేని మనిషి అక్కడే ఉంది. బండి ఆవిడ కొనుక్కున్నదని ఆయనకి గుర్తుచేశాను. కాగితాలు తన పేరు మీద ఉన్నాయని ఆయన నాకు గుర్తుచేశారు. మర్యాదగానే చెప్పారు.

సురేంద్ర ఆయిలు పుల్ల లాగి ఎండకి పట్టాడు. ఆయిలు ఎర్రగా, నిఖార్సుగా ఉంది. సంతృప్తిగా తల ఊపి, బండెక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. దిగుతూ అన్నాడు.

"బాగుందండి మేష్టారూ. మూడోది మాత్రం కొద్దిగా జారుతోంది. ఎందుకంటారు? వరదలో గాని మునిగిందా? నీళ్ళెళ్ళిన బండైతే చెప్పేయండి, నేనట్టుకెళ్ళను."

దేవదానం గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నీళ్ళా, అబ్బే. మా చెల్లెలు నడిపేదండి. పాపం కాలు బాగుండదు. తెలీక బ్రేకు మీద కాలు ఆనించేసేది."

సురేంద్ర తల తిప్పి కరుణ గారి వంక చూశాడు. మొహం వంక కాదు. చూపు కిందికి జారి, చీర అంచు దగ్గర ఆగింది. "ఓహో," అన్నాడు. అనుమానం తీరిపోయిన మనిషి గొంతు అది.

కరుణ గారు మెట్టు దిగారు. గోడ వదిలేసి, మోకాలి మీద చెయ్యి నొక్కుకుంటూ, బండి దాకా నడిచి వచ్చారు. దేవదానం గారు "కరుణా," అన్నారు. ఆవిడ ఆగలేదు.

"బాబూ, అది నిజం కాదు," అన్నారు సురేంద్రతో. "నేను బ్రేకు మీద కాలు పెట్టలేను. బండి వేడిగా ఉండగా కాలవలో దింపేరు. గేరుబాక్సులోకి నీళ్ళెళ్ళి ప్లేట్లు పాడయ్యేయి. ఆయిలు మార్చేరు గనక మీకు ఎర్రగా కనిపిస్తోంది. తెలుసుకుని తీసుకెళ్ళండి."

సురేంద్ర ఆవిడ వంకా, దేవదానం గారి వంకా చూశాడు. హెడ్మాస్టరు చేసిన సంఘపెద్ద చిన్నగా, క్షమించమన్నట్టు నవ్వాడు. ఆ నవ్వు సురేంద్రకి అర్థమైంది. అర్థమైనట్టు అనిపించింది.

"పర్లేదండి అమ్మగారూ," అన్నాడు ఎంతో మర్యాదగా. "అంతలా బాధపడకండి. ఎవరి చేతిలోనైనా పాడవుతాయండి బళ్ళు. కాళ్ళు బాగున్నవాళ్ళే తగలేస్తన్నారు, మీదేముంది."

"నిజమేనండి, నేను పక్కనే ఉన్నాను," అన్నాను. "కొత్తపేటలో మంగరాజుని అడగండి."

"ఆయ్, అడుగుతానండి," అన్నాడు సురేంద్ర. అప్పటికే తాళంచెవులు మార్చుకుంటున్నారు. నేనూ ఆవిడ మనసు కష్టపెట్టకుండా అలా అంటున్నాననుకుని నాకు కూడా ఒక నవ్వు విసిరాడు.

బండి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర మూడో గేరు కోసం ఇంజను ఒకసారి గోలపెట్టడం మా అందరికీ వినపడింది. దీపక్ తెల్లకారు హారను కొట్టి చూసుకుంటున్నాడు. "అత్తా, ఎక్కండి, ఒక రౌండేద్దాం," అన్నాడు. వాడు మంచివాడే. వాడికి అందులో తప్పేమీ కనపడలేదు.

కరుణ గారు వెనక్కి, మెట్టు దగ్గరికి నడవడం మొదలుపెట్టారు. సాయం పట్టబోతే వద్దన్నారు. సగం దూరం వెళ్ళాక నావైపు తిరిగి అడిగారు.

"అతను నమ్మలేదు కదండీ?"

"లేదండి," అన్నాను.

ఆవిడ తల ఊపి, మెట్టు మీద ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి పెట్టుకుని, లోపలికి వెళ్ళారు.